లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిల్: ఐఎల్ఆర్ సొమ్ము కదపకుండా కొనే దారి

ప్రశ్న: నేను, నా భార్య గ్లాస్గోలో ఉంటున్నాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా. పెన్షన్ చందా పోను జీతం ఏడాదికి 47,000 పౌండ్లు. ఊళ్లో నాన్నగారి ఇంటి రుణానికి నెలకు 250 పౌండ్లు పంపుతున్నాను. బ్యాంకులో 7,500 పౌండ్లు ఉన్నాయి. వచ్చే ఏడాది ఇద్దరం ఐఎల్ఆర్‌కు, అంటే బ్రిటన్‌లో శాశ్వత నివాస అనుమతికి, దరఖాస్తు చేయాలి. వారాంతాల్లో హైలాండ్స్‌కు వెళ్లి కొండల్లో గుడారం వేసుకుని గడపడానికి లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిల్ కొనాలని ఉంది. హెల్మెట్, లైట్లు, తాళం కలిపి దుకాణంలో 2,400 పౌండ్లు చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో 1,000 వాట్ల మోటారు ఉన్నది 1,100 పౌండ్లకే వస్తోంది. ఆఫీసు ఇంటికి 6 కిలోమీటర్లు. బస్సుకు నెలకు 70 పౌండ్లు అవుతోంది. కంపెనీలో సైకిల్ టు వర్క్ పథకం ఉంది. పొదుపులోంచి తీసి కొనవచ్చా?

జవాబు: సైకిల్ కొనండి. పొదుపులోంచి మాత్రం వద్దు. 1,100 పౌండ్లదైతే ఏ డబ్బుతోనూ వద్దు.

ముందు ఆ చౌక సైకిల్ సంగతి. బ్రిటన్‌లో ఎలక్ట్రిక్ సైకిల్‌ను సైకిల్‌గా లెక్కించాలంటే మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు దాటకూడదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర మోటారు సాయం ఆగిపోవాలి. 1,000 వాట్లది చట్టం దృష్టిలో మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు అన్నీ కావాలి. అవి లేకుండా రోడ్డెక్కితే పోలీసులు బండిని స్వాధీనం చేసుకోవచ్చు. బీమా లేకుండా నడిపినందుకు 300 పౌండ్ల జరిమానా, లైసెన్సుపై 6 పాయింట్లు పడతాయి. ఎవరికైనా గాయమైతే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. వ్యవహారం కోర్టుకెక్కి శిక్ష పడితే ఆ వివరం ఐఎల్ఆర్ దరఖాస్తులో రాయవలసి వస్తుంది. పైగా 2003 నాటి స్కాట్లండ్ భూసంస్కరణల చట్టం కొండల్లో, పచ్చిక మైదానాల్లో తిరగడానికి ప్రజలకిచ్చిన హక్కు మోటారు వాహనాలకు వర్తించదు. ఏ పని కోసం కొంటున్నారో ఆ పనికే అది అక్కరకు రాదు. 1,300 పౌండ్లు మిగులుతాయని ఇంత ప్రమాదం నెత్తికెత్తుకోకండి.

ఇక పొదుపు. ఐఎల్ఆర్ రుసుము 2025 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 3,029 పౌండ్లుగా ఉండేది. ఆ లెక్కన ఇద్దరికీ 6,058. మీ 7,500లో అది పోతే మిగిలేది 1,442 పౌండ్లు. ఐఎల్ఆర్‌కు ముందు ఇక్కడ ఉండాల్సిన ఐదేళ్ల గడువును పదేళ్లకు పెంచాలని ప్రభుత్వం 2025 మే నాటి శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. అది మీ దాకా వస్తే వీసా పొడిగింపు ఖర్చులతో పాటు ఒక్కొక్కరికి ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి కూడా కట్టాలి. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే మీ వీసాకు పూచీపడే మరో కంపెనీని, వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులే. ఆ రెండు నెలలూ అద్దె ఆగదు, నాన్నగారి ఇంటి కిస్తీ ఆగదు. అందుకే ఆ 7,500 పౌండ్లను ఖాళీగా ఉన్న డబ్బు అనుకోవద్దు. అందులోంచి 2,400 తీస్తే మిగిలే 5,100 ఇద్దరి దరఖాస్తులకే చాలదు.

మీ అసలు వెసులుబాటు జీతంలో ఉంది. స్కాట్లండ్‌లో 2025-26లో 43,662 పౌండ్లు దాటిన ఆదాయంపై 42 శాతం పన్ను, దానికి తోడు 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా). అంటే మీ జీతంలో పైనున్న 3,338 పౌండ్లలో సగం మీ చేతికి రాకముందే పోతోంది. సైకిల్ టు వర్క్ పథకంలో కంపెనీ సైకిల్ కొని మీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను పన్ను లెక్కించక ముందే జీతంలోంచి మినహాయిస్తుంది. 2,400 పౌండ్లను 12 నెలలకు పంచితే నెలకు 200. మీ చేతికొచ్చే జీతంలో తగ్గేది 100 మాత్రమే. ఏడాదికి 1,200. ఇదే జీతంతో ఇంగ్లండ్‌లో ఉంటే 28 శాతమే కలిసివచ్చేది. స్కాట్లండ్ పన్నులు ఎక్కువని మనవాళ్లు బాధపడుతుంటారు, ఆ బాధలో న్యాయం ఉంది. కానీ ఈ ఒక్క పథకంలో ఆ ఎక్కువ పన్నే మీకు ఎక్కువ ఆదా తెచ్చిపెడుతోంది.

ఏడాది తరువాత సైకిల్ దానంతటది మీ సొంతం కాదు. చాలామంది ఇక్కడే తడబడతారు. 500 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సైకిల్‌ను ఏడాదికే మీ పేరు మీదికి మార్చుకుంటే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ పట్టిక ప్రకారం దాని విలువ అసలు ధరలో 25 శాతం, అంటే 600 పౌండ్లు. నాలుగేళ్లకు అది 7 శాతానికి, అంటే 168 పౌండ్లకు దిగుతుంది. పథకం నడిపే సంస్థలు ఇందుకోసమే అద్దె గడువును పొడిగించే ఒప్పందం ఇస్తాయి. దాన్నే అడిగి తీసుకోండి. అప్పుడు మొత్తం 1,368 పౌండ్లలో తేలిపోతుంది. గ్లాస్గో చలికాలంలో మంచు గడ్డకట్టిన రోడ్ల మీద తొక్కమని నేను చెప్పను. ఏడు నెలలే ఆఫీసుకు సైకిల్‌పై వెళ్లినా బస్సు ఖర్చులో ఏడాదికి 490 పౌండ్లు మిగులుతాయి. మూడేళ్లలో సైకిల్ ఖర్చు తిరిగి వచ్చినట్టే.

అయితే ఈ పన్ను మినహాయింపు ఆఫీసుకు తొక్కేవారి కోసం ఉద్దేశించింది. సైకిల్ వాడకంలో సగానికి పైగా ఇల్లు-ఆఫీసు ప్రయాణమే ఉండాలి. రోజూ ఎవరూ లెక్క రాయమనరు, కానీ మీరు సంతకం పెట్టేది ఆ షరతు మీదే. నిజంగా వారంలో మూడు నాలుగు రోజులు తొక్కే ఉద్దేశం ఉంటేనే ఈ దారి పట్టండి. శని, ఆదివారాల క్యాంపింగ్‌కు అప్పుడు ఏ అడ్డూ లేదు. గుడారానికే తప్ప ఆఫీసుకు తీయననుకుంటే ఈ పథకం మీది కాదు. ఐఎల్ఆర్ పూర్తయ్యేదాకా ఆగి, నెలకు 150 చొప్పున పక్కన పెట్టుకుని కొనండి.

దాచుకోకుండా చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. అద్దె గడువులో ఉద్యోగం మారితే మిగిలిన మొత్తాన్ని చివరి జీతంలోంచి, పన్ను ఆదా లేకుండా, ఒకేసారి కోస్తారు. సైకిల్ దొంగల పాలైనా అద్దె కట్టాల్సిందే. కాబట్టి ఇంటి సామగ్రి బీమాలో ఇంత ఖరీదైన సైకిల్‌కు, అదీ ఇంటి బయట ఉన్నప్పుడు, రక్షణ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే విడిగా తీసుకోండి. గుడారం పక్కన ఏ స్తంభానికీ కట్టకుండా వదిలేసిన సైకిల్‌కు చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు.

సంతకానికి ముందు ఒక్క శనివారం అలాంటి సైకిల్‌నే అద్దెకు తీసుకుని తొక్కి చూడండి. లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిళ్లు చాలావరకు 25 కిలోలకు పైనే తూగుతాయి. లిఫ్టు లేని పాత భవనంలో మూడో అంతస్తుకు మోయగలరా? స్కాట్‌రైల్ రైళ్లలో సైకిల్‌కు టికెట్ లేదు, కానీ ఆ బరువును పెట్టెలోకి ఎత్తాల్సింది మీరే. నాలుగు అంగుళాల టైరు మామూలు సైకిల్ స్టాండ్లలో, కారు వెనుక బిగించే చట్రాల్లో చాలావాటిలో పట్టదు. 48 వోల్టుల, 15 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 720 వాట్-అవర్లు. ఇంట్లో నింపడానికి అయ్యేది 20 పెన్సుల చుట్టుపక్కలే. కానీ తడిసిన మెత్తటి పీట్ (కుళ్లిన నాచు) నేలలో, ఎదురుగాలిలో, గుడారం బరువుతో అది ప్రకటనలో చెప్పినంత దూరం రాదు, కొండలో ప్లగ్గు దొరకదు. రెండో బ్యాటరీ అవసరమైతే మరికొన్ని వందల పౌండ్లు. ఇసుక తీరాలు, బురద దారులు మీ లక్ష్యం కాకపోతే రెండున్నర అంగుళాల టైర్ల సైకిల్ ఇంతకంటే తేలిక, తరచు చౌక కూడా.

స్కాట్లండ్‌లో ఇలా గుడారం వేసుకోవడానికి రుసుము లేదు, కొద్దిమందే ఉండి రెండు మూడు రాత్రుల్లో కదిలిపోతే చాలు. గ్లాస్గోకు దగ్గరని అందరూ వెళ్లే లోక్ లోమండ్ జాతీయ పార్కులో మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా కొన్ని ప్రాంతాలకు పర్మిట్ కావాలి. సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వెళితే డార్ట్‌మూర్‌లోని ఉమ్మడి పచ్చిక భూములు తప్ప మిగతా చోట్ల భూయజమాని అనుమతి తప్పనిసరి.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఈ సైకిల్‌ను వెంట తీసుకెళ్లే లెక్క వేయకండి. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు. ఇక్కడే అమ్మాల్సి ఉంటుంది, బ్యాటరీ పాతబడ్డాక ధర బాగా పడిపోతుంది.

ఈ వారంలో చేయవలసిన పని ఒకటుంది. హెచ్ఆర్‌కు ఉత్తరం రాసి రెండు విషయాలు అడగండి: మీ కంపెనీ పథకంలో ధర పరిమితి ఎంత (కొన్ని కంపెనీలు 1,000 పౌండ్లు దాటనివ్వవు), జీతం కాగితం మీద 44,600కు తగ్గితే మీ వీసా, ఐఎల్ఆర్ కనీస జీత పరిమితికి ఇబ్బంది ఉంటుందా? రెండో దానికి రాతపూర్వకమైన జవాబు చేతికొచ్చేదాకా పథకం పత్రాల మీద సంతకం పెట్టవద్దు.