పేపర్ల లెక్కతో క్యాన్సర్ పరిశోధకులు కారు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. క్యాన్సర్ పరిశోధన చేస్తానంటోంది. ఒక పరిశోధకుడి ప్రొఫైల్ చూపించింది: మూడు వందల పేపర్లు (పరిశోధన పత్రాలు), హెచ్-ఇండెక్స్ 70. ఆమె తోటివారిలో కొందరికి ఇప్పటికే పేపర్లు ఉన్నాయట. డబ్బు కడితే మూడు పేపర్లలో పేరు వచ్చేలా చూస్తామని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. కట్టమంటారా? అసలు ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) డాక్టర్ కావడం మేలా, పరిశోధన మేలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కట్టకండి. చేయని పనికి పేరు కొనుక్కోవడం మోసం. దాన్ని మీ అమ్మాయి కెరీర్‌కు పునాదిగా వేయాలని మీరు ఆలోచించడమే నాకు బాధ కలిగించింది. తోటివారి పేపర్ల గురించి రాశారు కానీ, మీ అమ్మాయికి క్యాన్సర్‌లో ఏ విషయం మీద ఆసక్తి ఉందో ఒక్క మాటా రాయలేదు. ఈ రోజే అడగండి.

మీ అసలు భయం ఆమె వెనకబడిపోతుందేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. మన దేశంలో పీజీ సీటుకు ర్యాంకే ఆధారం, పేపర్లను లెక్కలోకి తీసుకోరు. ఈ హడావిడి ఎక్కువగా అమెరికా రెసిడెన్సీ, అంటే అక్కడి ఆసుపత్రుల్లో చేసే పీజీ శిక్షణ వైపు నుంచి వచ్చింది. 2022 జనవరి నుంచి అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ మొదటి దశకు మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే చెబుతున్నారు. దాంతో అందరూ పేపర్ల మీద పడ్డారు. ఈ మోజు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. దరఖాస్తులో రాసిన ఏ పేపర్ గురించైనా ఇంటర్వ్యూలో అడగవచ్చు. కొన్న పేపర్ గురించి ఆమె ఏం చెబుతుంది? 2023 ఒక్క ఏడాదిలోనే తప్పులు, మోసాలు బయటపడి ప్రపంచవ్యాప్తంగా పది వేలకు పైగా పేపర్లను ఉపసంహరించారు. అలా జరిగితే ఆ ముద్ర పేరు పక్కన శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక ఆ ప్రొఫైల్ సంగతి. హెచ్-ఇండెక్స్ 70 అంటే, ఒక్కోదానికి కనీసం 70 సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు) వచ్చిన పేపర్లు 70 ఉన్నాయని అర్థం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి, ఇరవై ఏళ్ల అమ్మాయి దాన్ని చూసి కుంగిపోవడంలో అర్థం లేదు. ఇద్దరూ కూర్చుని ఆ ప్రొఫైల్ మళ్లీ తెరవండి. ఎక్కువ సైటేషన్లు వచ్చిన పది పేపర్లు తీసి, ఆయన పేరు ఎక్కడుందో చూడండి. వైద్య పరిశోధనలో సాధారణంగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాలను నడిపేవారిది. యాభై మంది పేర్ల మధ్యలో ఉంటే ఆయన వంతు ఎంతో తేల్చడం కష్టం. అది సొంత ప్రయోగమా, ఇతరుల పని మీద రాసిన సమీక్షా వ్యాసమా అన్నదీ చూడండి. సమీక్షలకు సైటేషన్లు ఎక్కువ వస్తాయి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో, అంటే ఒక్కో వ్యాసానికి వచ్చే సగటు సైటేషన్లలో ప్రపంచంలోనే ముందుండటానికి పెద్ద కారణం, అది ఏటా ప్రచురించే క్యాన్సర్ గణాంకాలు. ఏ పేపర్ మొదలుపెట్టినా ముందు వాటినే చూపుతారు మరి.

సైటేషన్లు ఉన్నంత మాత్రాన ఫలితం నిజమని కాదు. ఆమ్జెన్ అనే అమెరికా మందుల సంస్థ శాస్త్రవేత్తలు క్యాన్సర్‌లో మైలురాళ్లుగా పేరుబడిన 53 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, ఆరింటి ఫలితాలే నిలబడ్డాయని 2012లో ప్రకటించారు. మీ అమ్మాయి తెలుసుకోవలసింది ఇది. రోగికి ఇచ్చే మందు చివరికి ఇలాంటి పేపర్ల మీదే ఆధారపడుతుంది. అందుకే పేపర్లను సరుకులా బేరమాడటం నేను సహించలేను.

డాక్టరా, పరిశోధకురాలా అని అడిగారు. ఆంకాలజీలో చదువు పొడవైనా ఉపాధికి దిగులుండదు. పూర్తిస్థాయి పరిశోధనలో ఫెలోషిప్‌లు, గ్రాంట్ల మీద ఏళ్లు గడపాలి. అయినా ఇప్పుడే ఒకటి వదులుకోనక్కర్లేదు. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు ముంబయి బస్తీల్లో లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం నడిపారు. పదో తరగతి చదివిన మహిళలకు శిక్షణ ఇచ్చి, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షింపజేశారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. వైద్యం చేస్తూనే ఇలాంటి ప్రశ్నలు వేయవచ్చు.

మీ అమ్మాయికి సమయం మించిపోలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం ఉంది. సొంత కాలేజీలోనే ఒక అధ్యాపకుడి దగ్గర రెండు నెలల పని. పాథాలజీ విభాగంలో ఎవరినైనా కలిసి, కేస్ షీట్ల నుంచి జవాబు దొరికే చిన్న ప్రశ్న ఒకటి ఎంచుకోమనండి. ఉదాహరణకు, రొమ్ము క్యాన్సర్‌తో వచ్చినవారు గడ్డ తగిలిన ఎన్ని నెలలకు ఆసుపత్రికి వచ్చారు, ఎందుకు ఆలస్యమైంది? ఎథిక్స్ కమిటీ అనుమతి, రికార్డుల వేట, లెక్కలు అన్నీ ఆమే చేసుకోవాలి. మీరు కల్పించుకోకండి. అది పేపర్‌గా రాకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత కూడా ఈ పని మీద మనసు నిలిస్తే, పీహెచ్‌డీ గురించి ఈసారి ఆమెనే నాకు రాయమనండి.