మేవెన్ తన కోసం రాసుకునే ఫైళ్లు

ప్రశ్న: మేము జావా ప్రాజెక్టును మేవెన్ అనే బిల్డ్ సాధనంతో బిల్డ్ చేస్తున్నాం. అది దించుకున్నవి దాచుకునే ‘.ఎం2’ ఫోల్డర్‌లో జార్ ఫైళ్ల (జావా లైబ్రరీల ప్యాకేజీల) పక్కన ‘_రిమోట్.రిపాజిటరీస్’ అనే ఫైలు, అక్కడక్కడ ‘.లాస్ట్‌అప్‌డేటెడ్’ అని ముగిసే ఫైళ్లు కనిపిస్తున్నాయి. వీటిని తొలగించవచ్చా?

జవాబు: మొదటి ఫైలును తెరిస్తే, ఇది మేవెన్ అంతర్గత ఫైలనీ, దీని రూపం ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చనీ పై వరుసలోనే రాసి ఉంటుంది. దాని కింద ‘జేయూనిట్-4.13.2.జార్>సెంట్రల్=’ వంటి వరుసలుంటాయి; అంటే ఆ జార్ ‘సెంట్రల్’ అనే రిపాజిటరీ (జార్‌లను ఉంచే సర్వర్) నుంచి వచ్చిందని అర్థం. మీ యంత్రంలోనే ఇన్‌స్టాల్ చేసిన జార్‌కైతే ‘>’ గుర్తు తర్వాత పేరు ఖాళీగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో రిపాజిటరీ ఐడీని మార్చినప్పుడు, జార్ డిస్కులో కళ్లెదుటే ఉన్నా మేవెన్ మళ్లీ నెట్‌లో వెతకడానికి కారణం రిపాజిటరీ పేరున్న ఈ వరుసే. ఈ ఫైలును తీసేస్తే బిల్డ్ ఆగదు గాని, జార్ ఎక్కడి నుంచి వచ్చిందో సరిచూసే ఆధారం పోతుంది. కాబట్టి దాని జోలికి పోకపోవడమే మంచిది.

రెండోది, అంటే ‘.లాస్ట్‌అప్‌డేటెడ్’ ఫైలు, అడిగిన జార్ దొరకనప్పుడు పుడుతుంది. ఆ వైఫల్యాన్ని గుర్తుంచుకున్న మేవెన్, అప్‌డేట్ గడువు, అంటే మామూలుగా ఒక రోజు, ముగిసేదాకా మళ్లీ ప్రయత్నించదు. సర్వర్‌లో జార్‌ను పెట్టాక కూడా ‘దొరకలేదు’ అనే మాటే వస్తుంటే, మేవెన్ ఆదేశానికి ‘-యు’ (గడువు చూడకుండా మళ్లీ వెతకమనే సూచన) జోడించి బిల్డ్ చేయండి. ఈ ఫైళ్లను నిరభ్యంతరంగా తొలగించవచ్చు. కొందరు చేసినట్లు ‘.ఎం2’ మొత్తాన్ని తుడిచేస్తే మాత్రం ప్రతి జార్‌నూ మళ్లీ దించుకోవలసి వస్తుంది.