ఇన్సులిన్ ఆపమన్నది డాక్టరా, హెల్పరా?

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్ళు. ఎన్నాళ్ళగానో సుగరు, ఇన్సులిన్ వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పులకని పాలకొల్లు దగ్గర కొబ్బరితోటలో ఉన్న ఒక ప్రకృతి వైద్యశాలలో చేర్పించాం. డాక్టరుగారు వారానికోసారి వస్తారు. మిగతా రోజులు మట్టి పట్టీలు, ఎనిమా, ఆవిరి స్నానం అన్నీ తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయే చేస్తుంది, అందరూ ఆమెను డాక్టరమ్మా అంటారు. ఇన్సులిన్ ఆపేసి జ్యూసుల మీద ఉండమన్నదీ ఆమే. వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టిస్తే బొబ్బలు లేచాయి, అత్తగారికి కాలినట్టే తెలియలేదు. వీళ్ళని అడిగేవాళ్ళు లేరా? కెనడాలో అయితే ఇలా కుదరదని మా ఆడపడుచు అంటోంది.
– ఒక కోడలు, పాలకొల్లు

జవాబు: చట్టం సంగతి తర్వాత, ముందు ఆ పాదాలు చూపించండమ్మా, ఇవాళే. కాలినా తెలియలేదంటే సుగరు వల్ల నరాలు మొద్దుబారాయన్నమాట, అలాంటి కాలికి చిన్న పుండైనా ముదిరిపోతుంది. బొబ్బలు చిదమకండి, పసుపూ అదీ రాయకండి. ఇన్సులిన్ కూడా మీ అంతట మీరు పాత డోసుతో మొదలుపెట్టొద్దు, తిండి లేకుండా పొడిస్తే సుగరు పడిపోతుంది. అది రాసిన డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.

ఇక అడిగేవాళ్ళ విషయం. ప్రకృతి వైద్యం మనకి కొత్తది కాదు, జర్మనీకి చెందిన లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. దాని మీద నాకు కోపమూ లేదు. కానీ ఆయుర్వేదం, యునాని, సిద్ధలకు 2020 చట్టంతో జాతీయ కమిషన్ వచ్చింది, హోమియోకి వేరే కమిషన్ ఉంది, ప్రకృతి వైద్యానికి మాత్రం దేశం మొత్తానికి అలాంటిది లేదు, రిజిస్ట్రేషన్ రాష్ట్రాలకే వదిలేశారు. దాంతో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివినవాళ్ళూ, ఏదో చిన్న కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్ళూ ఒకే బోర్డు పెట్టుకుంటున్నారు. కెనడాలోనూ అంతటా ఒకేలా ఉండదు లెండి. బ్రిటిష్ కొలంబియాలో 1936 నుంచే చట్టం ఉంది, నెట్‌లో డాక్టరు పేరు కొట్టి చూస్తే లైసెన్సు ఉందో లేదో తెలుస్తుంది, క్విబెక్‌లో ఆ కట్టడి లేదు.

ఆ అమ్మాయి మీద మాత్రం విరుచుకుపడకండి, జీతానికి చేస్తోంది పాపం. పట్టీ వేయడం, ఒళ్ళు పట్టడం హెల్పరు చేయొచ్చు, తప్పేం లేదు. మందు ఆపడం, ఉపవాసం పెట్టడం, సుగరు మనిషికి వేడినీళ్ళు పనికొస్తాయా, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళకి ఎనిమా ఇవ్వొచ్చా అన్నవి డాక్టరు మనిషిని చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాల్సిన విషయాలు. ఆ కాగితం అడగండి. లేదంటే తప్పు ఆ డాక్టరుది, వైద్యశాల నడిపేవాళ్ళది. అన్నట్టు, తోటలో ఉంది కదా అని రోజంతా బొండాలు తాగిస్తుంటే అదీ ఆపించండి, సుగరుతో కిడ్నీలు దెబ్బతిని ఉంటే అందులోని పొటాషియం గుండెకే ఎసరు పెడుతుంది.

డాక్టరు పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు రాసిమ్మనండి. ఇవ్వకపోతే ఆయుష్ శాఖకి రాయండి, భీమవరం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అర్జీ పెట్టండి. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నారు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్ళొచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు. పాదాల ఫోటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. రసీదు ఇవ్వలేదంటారా, ఫోన్‌లో డబ్బు పంపిన మెసేజ్ ఉంటే అదీ సాక్ష్యమే, డిలీట్ చేయకండి.