రక్తం ఒకటి చెబితే, స్కాన్ ఇంకోటి చెబుతోంది

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబు పుట్టగానే ఏడవలేదు. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ 6.95, లాక్టేట్ 13 అన్నారు. మూడు రోజులు ఒళ్లు చల్లబరిచి ఉంచారు. రెండో రోజు రిపోర్టులో ఎన్‌ఎస్‌ఈ బాగా ఎక్కువని ఎర్ర గుర్తు పడింది. ఆరో రోజు ఎమ్మారైలో మాత్రం దెబ్బ కనబడలేదన్నారు. ఇప్పుడు 12 రోజుల బిడ్డ, పాలు తనే తాగుతున్నాడు. ఆ ఎర్ర గుర్తు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. దేన్ని నమ్మాలి?
– ఒక తల్లి

జవాబు: స్కాన్‌నే నమ్మండమ్మా. పాలు తనే తాగుతున్నాడని చివర్లో రాశారే, నేనైతే దాన్ని ముందు చదువుతాను.

ఎన్‌ఎస్‌ఈ నాడీకణాల్లో ఉండే ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. చిక్కేమిటంటే అది ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. పసిబిడ్డ మడమ పిండి తీసిన రక్తంలో ఆ కణాలు చిట్లడం మామూలే. చిట్లితే మెదడుతో పని లేకుండానే అంకె లేస్తుంది. డ్యూటీ డాక్టరుగా ఉన్న రోజుల్లో అలాంటి అంకె చూసి ఒక తండ్రికి చెడ్డ కబురు చెప్పేశాను. తర్వాత ల్యాబుకెళ్లి ట్యూబు చూస్తే, పైన తేటగా ఉండాల్సిన సీరం ఎర్రగా ఉంది! వెంటనే నరం నుంచి మళ్లీ తీయిస్తే నాలుగో వంతు కూడా రాలేదు. ఆయన ముందుకు మళ్లీ వెళ్లి నిలబడటానికి సిగ్గేసింది. మీ బాబు నమూనా చిట్లిందో లేదో ల్యాబువాళ్లు చెప్పగలరు, అడగండి.

పీహెచ్ (రక్తంలో ఆమ్లం ఎంతో చెప్పే అంకె), లాక్టేట్ సంగతి వేరు. ఆక్సిజన్ అందని కణాలు చక్కెరను పూర్తిగా వాడుకోలేవు, మిగిలేది లాక్టేట్. బిడ్డకు ఊపిరాడలేదన్నది నిజమేనని అవి చెప్పాయి. మొదటి దెబ్బ తర్వాత కొన్ని గంటలకు మెదడుకణాలకు రెండోసారి శక్తి కరువవుతుంది. ఆ నష్టం తగ్గించడానికే పుట్టిన 6 గంటల్లోపు ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టి, 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతారు. మెదడు ఎంతవరకు తట్టుకుందో మాత్రం పీహెచ్, లాక్టేట్ అంకెలకు తెలియదు.

మెదడు దెబ్బను రక్తంలో పసిగట్టడానికి చూసే ఎస్100బి, జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్ల గురించి కూడా మీరు చదివే ఉంటారు. మొదటిది కొవ్వు నుంచి కూడా వస్తుంది. రెండోదాని మీద నాకు కాస్త ఆశ ఉంది గానీ, ఇంత దాటితే ఇంత నష్టమని అందరూ ఒప్పుకున్న గీత దేనికీ లేదు.

స్కాన్ బాగుంటే చాలా మంచి సూచనే, అలాగని హామీ పత్రం కాదు. వినికిడి పరీక్ష చేయించండి. ప్రతి విజిట్‌లో తల చుట్టుకొలత కొలిపించండి. నాలుగైదు నెలలకీ మెడ నిలబెట్టకపోయినా, పిడికిళ్లు బిగించే ఉంచినా, ఒక చెయ్యే వాడుతున్నా వెంటనే చూపించండి. రెండేళ్లు నిండేదాకా ఈ విజిట్లు మానొద్దు. ఎన్‌ఎస్‌ఈ మళ్లీ చేయిద్దామని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. ఇప్పుడు అది కొత్తగా చెప్పేదేమీ లేదు, బిడ్డకు ఇంకో సూదిపోటు తప్ప.