అత్యవసర నిధి లేకుండా పీజీ కోసం అప్పా?

ప్రశ్న: రొయ్యల ఎగుమతి యూనిట్‌లో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 34. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. నెలకు చేతికి రూ.52,000 వస్తుంది. అద్దె, బండి వాయిదా, ఇంటి ఖర్చులు కలిపి రూ.38,000 అవుతోంది. ఏటా బోనస్ రూ.40,000. బ్యాంకులో రూ.70,000 ఉంది. కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా తప్ప వేరే పాలసీలు లేవు. ఉద్యోగం చేస్తూనే సుస్థిర ఆహార వ్యవస్థలపై రెండేళ్ల ఆన్‌లైన్ పీజీ చేయాలనుకుంటున్నాను. పట్టా విదేశీ విశ్వవిద్యాలయానిది, తరగతులు నడిపేది ఇక్కడి ఎడ్‌టెక్ సంస్థ. ఫీజు రూ.3.60 లక్షలు. నెలకు రూ.15,000 చొప్పున 24 నెలలు ‘నో కాస్ట్ ఈఎంఐ’లో కట్టొచ్చంటున్నారు. ల్యాప్‌టాప్, ఇతర ఖర్చులకు నా భార్య నగలు తాకట్టు పెట్టి రూ.60,000 తెద్దామనుకుంటున్నాను. మంచి నిర్ణయమేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చదువుకోవాలన్న ఆలోచన మంచిది. మీ రంగానికి పనికొచ్చే చదువే. రొయ్య ఏ చెరువు నుంచి వచ్చింది, మేత ఏంటి, యాంటీబయాటిక్ అవశేషాలున్నాయా, వ్యర్థ జలాలు ఎటు పోతున్నాయి అని కొనుగోలుదారులు అడుగుతున్న రోజుల్లో ఈ విషయాలు చదివినవారికి విలువ ఉంటుంది. కానీ మీరు డబ్బు సర్దుబాటు చేసుకుంటున్న తీరు ఏమాత్రం బాగాలేదు. ఈ పొరపాటు చాలామంది ఉద్యోగులు చేస్తున్నారు కాబట్టే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ లెక్కే చూడండి. రూ.52,000లో ఖర్చులు పోను మిగిలేది రూ.14,000. కట్టాల్సిన వాయిదా రూ.15,000. అంటే మొదటి నెలలోనే వెయ్యి రూపాయల లోటు. నగల మీద తెచ్చే అప్పు వడ్డీ దీనికి అదనం. పాప స్కూలు ఫీజు పెరిగితే, ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చి డాక్టరు నాలుగు పరీక్షలు రాస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? క్రెడిట్ కార్డు నుంచి. తర్వాత ఇంకో యాప్ నుంచి. మునిగిపోయేవాళ్లంతా ఇదే దారిలో మునుగుతున్నారు.

ఇక ‘నో కాస్ట్ ఈఎంఐ’. మీరు దీన్ని ఫీజు వాయిదా అనుకుంటున్నారు. నిజానికి మీ పేరిట ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని రుణ సంస్థ, వ్యక్తిగత రుణం ఇచ్చి, ఆ మొత్తాన్ని నేరుగా ఎడ్‌టెక్ సంస్థకు చెల్లిస్తుంది. ఆ రోజు నుంచి మీరు ఆ ఎన్‌బీఎఫ్‌సీకి బాకీదారు. తరగతులు బాగాలేకున్నా, మీరు మధ్యలో మానేసినా, ఎడ్‌టెక్ సంస్థే మూతపడినా వాయిదా ఆగదు. ఆగితే దెబ్బతినేది మీ సిబిల్ స్కోరు. వడ్డీ లేదన్న మాట కూడా పరీక్షించండి. ఫీజంతా ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడగండి. ఉదాహరణకు పది శాతం తగ్గిస్తామన్నారనుకోండి, అసలు ఫీజు రూ.3.24 లక్షలే అన్నమాట. దానికి మీరు 24 నెలల్లో రూ.3.60 లక్షలు కడుతున్నారు. ఏడాదికి పది శాతం పైచిలుకు వడ్డీ పడుతున్నట్లే. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ ఉంటే ఇంకా పెరుగుతుంది. రుణం ఇచ్చే ముందు కీలక వివరాల పత్రం, అంటే కేఎఫ్‌ఎస్ ఇవ్వడం తప్పనిసరి. అందులో అన్ని ఛార్జీలూ కలిపి లెక్కగట్టిన వార్షిక శాతం రేటు ఎంతుందో చూడకుండా ఓటీపీ చెప్పకండి.

అసలు సమస్య అత్యవసర నిధి. మీ దగ్గరున్న రూ.70,000 రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు. ఈ అప్పు తీసుకుంటే నెలకు తప్పనిసరి చెల్లింపులు రూ.53,000కు చేరతాయి. అప్పుడు అదే రూ.70,000 నలభై రోజుల్లో అయిపోతుంది. అప్పు చేసినప్పుడల్లా అత్యవసర నిధి కూడా పెరగాలన్న సంగతి చాలామందికి తట్టదు. అప్పు లేకుండా మీకు ఆరు నెలల నిధి అంటే రూ.2.28 లక్షలు. అప్పుంటే రూ.3.18 లక్షలు.

మూడు నెలల నిధి చాలదా అని అడుగుతారేమో. ప్రభుత్వ ఉద్యోగికి చాలొచ్చు. మీకు చాలదు. మీ యూనిట్ ఆదాయం వేరే దేశాల నిర్ణయాలపై ఆధారపడి ఉంది. 2025 ఆగస్టులో మన సరకుపై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ఎగుమతిదారులు ఎంత ఆందోళన పడ్డారో మీరు దగ్గర్నుంచి చూసే ఉంటారు. ఇలాంటి రంగంలో జీతం ఆలస్యమవుతుంది, ఓవర్‌టైమ్ పోతుంది, బోనస్ ఆగుతుంది. ఆ నెలల్లోనూ ఈఎంఐ తేదీ మాత్రం మారదు. అందుకే ఆరు నెలలకు ఒక్క రూపాయి తగ్గినా నేను ఒప్పుకోను.

బీమా కూడా వెంటనే చూసుకోండి. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ బీమా పోతుంది. అప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇప్పుడే కుటుంబమంతటికీ కలిపి వర్తించే రూ.10 లక్షల ఫ్లోటర్ ఆరోగ్య పాలసీ, మీ పేరిట కనీసం రూ.75 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలపై జీఎస్టీ లేదు. వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు.

రెండు పాలసీలకూ కలిపి నెలకు రూ.3,000 పక్కన పెట్టండి. మిగతా రూ.11,000 అత్యవసర నిధికి. మీకు ఇంకా కావాల్సింది రూ.1.58 లక్షలు. ఈ ఏడాది బోనస్ మొత్తం అందులోనే వేస్తే పదకొండు నెలల్లో నిండుతుంది. ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో, అంటే పొదుపు ఖాతాకు అనుసంధానమై అవసరమైనప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో ఉంచండి. ఖాతా మీ ఇద్దరి పేరిట, ఎవరైనా తీసుకునేలా ఉండాలి. మీరు ఆసుపత్రిలో ఉంటే ఆ డబ్బు తీయాల్సింది మీ భార్యే కదా.

ఈ పదకొండు నెలల్లో కోర్సు గురించి ఆరా తీయండి. తన అనుమతి లేకుండా ఎడ్‌టెక్ సంస్థలతో కలిసి విదేశీ విశ్వవిద్యాలయాలు ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీలకు గుర్తింపు లేదని యూజీసీ 2023 డిసెంబరులో ప్రకటించింది. వ్యవసాయం లాంటి కోర్సులకు ఆన్‌లైన్, దూరవిద్యలో అనుమతి లేదు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆహార, పోషణ శాస్త్రాన్నీ ఆ జాబితాలో చేర్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయం కోర్సయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఆ విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయేమో చూడండి. విశ్వవిద్యాలయం పేరొక్కటే ఉంటే లాభం లేదు. పట్టా కాకుండా నైపుణ్యమే కావాలంటే అంత ఫీజు ఎందుకు? ఇగ్నోలో ఆహార భద్రత, నాణ్యత నిర్వహణ పీజీ డిప్లొమా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితం.

సమయం లెక్క కూడా వేసుకోండి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల పీజీకి 2,400 గంటలు. రెండేళ్లలో అంటే వారానికి 23 గంటలు. పంట చేతికొచ్చే సీజన్లో రెండు షిఫ్టులు చేస్తూ అన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? మధ్యలో మానేసేవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందుకే సెమిస్టర్ ఫీజు విడిగా, నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకు కట్టనిచ్చే కోర్సే ఎంచుకోండి. ఫీజు ఇంతే ఉన్నా సెమిస్టరుకు రూ.90,000. ఆరు నెలల పొదుపు రూ.66,000, బోనస్‌లో సగం రూ.20,000 కలిపితే దాదాపు సరిపోతుంది. ఒక సెమిస్టర్ కుదరకపోతే ఆగొచ్చు, నెత్తిన బాకీ ఉండదు.

మిగతా మార్గాలు క్లుప్తంగా. కంపెనీ ఫీజు భరిస్తానంటే తీసుకోండి, బాండు ఎన్నేళ్లో చదివి సంతకం చేయండి. బ్యాంకు విద్యా రుణ వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, వ్యక్తిగత రుణానికి రాదు. పీఎఫ్ ముట్టుకోవద్దు. నగల తాకట్టు మాట అసలు ఎత్తకండి. అన్నీ అయిపోయాక మిగిలే ఆఖరి ఆసరా అది, ల్యాప్‌టాప్ కోసం వాడేది కాదు.

ఒకవేళ ఇప్పటికే యాప్‌లో రుణానికి ఒప్పుకొని ఉంటే వెంటనే కేఎఫ్‌ఎస్ తెరిచి కూలింగ్ ఆఫ్ గడువు, అంటే రుణం వద్దనుకుని వెనక్కి తగ్గేందుకు ఇచ్చే గడువు, ఎప్పటివరకో చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆ గడువులోగా అసలు, ఆ రోజుల వడ్డీ చెల్లిస్తే ముందస్తు చెల్లింపు జరిమానా లేకుండా బయటపడొచ్చు. డబ్బు ఎడ్‌టెక్ ఖాతాకు వెళ్లిపోయి ఉంటే, ప్రవేశం రద్దు చేసి ఆ మొత్తాన్ని రుణదాతకు తిప్పి పంపాలని ఇద్దరికీ ఒకే ఈమెయిల్‌లో రాయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.