కెమెరా కొనే ముందు, మీ ఖాతాలో ఎవరి డబ్బుందో చూడండి

ప్రశ్న: నా వయసు 29. మూడేళ్లు సినిమాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉంటూ సొంతంగా మ్యూజిక్ వీడియోలు, నగల షాపుల యాడ్‌లు తీస్తున్నాను. 2025-26లో 11 వీడియోలకు 22 లక్షలు ఖాతాలో పడ్డాయి. చేతిలో ఏమీ మిగల్లేదు. 7 లక్షల కెమెరా, లెన్సుల సెట్టు ఈఎంఐలో తీసుకుంటే అద్దె కలిసొస్తుందా? లేక నాన్న పొలం అమ్మి ఇస్తానంటున్నారు, దాంతో చిన్న సినిమా మొదలుపెట్టనా?

జవాబు: మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివాను. 22 లక్షల్లో 16 లక్షలు ఇలా వచ్చి అలా వెళ్లిపోయాయి. కెమెరా, లైట్ల అద్దె, లొకేషన్, డ్యాన్సర్లు, ఎడిటర్, బత్తాలు, భోజనాలు. మీ రెమ్యునరేషన్ 6 లక్షలే. అంటే నెలకు 50 వేలు. సెట్లో అందరికీ డబ్బులు పంచేది మీరే కాబట్టి అదంతా మీ సంపాదనలా కనిపిస్తోంది.

చిక్కేమిటంటే, ప్రభుత్వానికీ అలాగే కనిపిస్తుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఊరివాళ్ల డబ్బు మోసి మీరు ఆ గీత దాటారు. పైగా కంపెనీలు డైరెక్టర్ ఫీజు మీదే కాదు, లైట్ల అద్దె కలిపిన మొత్తం బిల్లు మీద 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను) కోశాయి. మీ లెక్కలో కంపెనీల బిల్లులు 14 లక్షలు, కోత 1,40,000. ఆదాయపు పన్ను రిటర్న్ ఇంకా వేయలేదన్నారు, ముందు ఆ పని చూడండి. డైరెక్టర్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపించే వెసులుబాటు చట్టంలో ఉంది. ఖాతాలో పడ్డ 22 లక్షలకు కోసిన 1,40,000 కలిపి అలా చూపినా మీ ఆదాయం 11.7 లక్షలు. 2025-26కి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను పడదు, కోసిన డబ్బంతా వాపసు వస్తుంది. మీరు వెతుకుతున్న పొదుపు అక్కడుంది! కానీ పని పెరిగి వచ్చే ఏడాది 35 లక్షలు మీ ఖాతాలోంచి తిరిగితే, ఈ వెసులుబాటు కింద అందులో సగం, 17.5 లక్షలు, మీ ఆదాయమై 12 లక్షల గీత దాటుతుంది. చేతికొచ్చేది 9 లక్షలే అయినా సరే.

అందుకే ఇకనుంచి మీ ఫీజుకే బిల్లు వేయండి. అద్దెలు, కూలీలు క్లయింటో, లైన్ ప్రొడ్యూసరో (షూటింగ్ ఖర్చులు చూసే మనిషి) నేరుగా వాళ్లకే చెల్లించాలి, ఆ బిల్లులు వాళ్ల పేరు మీదే ఉండాలి. కొందరు గొణుగుతారు. గొణగనివ్వండి.

కెమెరా సంగతి. 7 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల ఈఎంఐ నెలకు దాదాపు 24 వేలు. మీ నెల సంపాదనలో సగం! 11 వీడియోలకు మీరు షూట్ చేసింది 22 రోజులు. అంటే షూటింగ్ రోజుకు 13 వేలు పడుతుంది. మీరు రాసిన అద్దె 9 వేలు, అదీ బడ్జెట్లోంచే పోతుంది, మీ జేబులోంచి కాదు. కెమెరా మీదని తెలిస్తే 'మీ దగ్గరుందిగా సార్' అని ఆ అద్దె కూడా కోసేస్తారు. రెండేళ్లలో కొత్త మోడల్ వస్తుంది, క్లయింట్ దాన్నే అడుగుతాడు.

మీకు కెమెరా కన్నా ముందు కావలసింది టైముకి పేమెంట్. చిన్న సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉద్యమ్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకోండి, ఉచితం. ఆ నంబరు బిల్లు మీద వేయండి, ఒప్పందం రాతలో పెట్టుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యం చేస్తే, చెల్లించేదాకా కొనుగోలుదారు ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేడు. ఏడాది లెక్కలు ముగిసే మార్చి నెలాఖరుకు వాళ్ల అకౌంటెంటే మీకు ఫోన్ చేస్తాడు. సగం డబ్బు షూట్‌కి ముందే తీసుకోండి. మిగతాది చేతికందేదాకా వాటర్‌మార్క్ ఉన్న కాపీ మాత్రమే ఇవ్వండి.

మీ పనంతా ఆషాఢం సేల్స్ నుంచి దీపావళి దాకానే ఉంది. వాపసు వచ్చిన 1,40,000 ఖాళీ నెలల కోసం వేరే ఖాతాలో దాచండి. ఆరు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా దాన్ని ముట్టొద్దు.

ఇక పొలం. మీ సినిమాకు ఇంకా స్క్రిప్టు పూర్తి కాలేదని మీరే రాశారు. నాన్నగారికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి, కొనేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోకముందే.