చెల్లెల్ని ముద్దాయిని చేశావేం?

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి,

నీ కథ రాత్రే చదివాను. కోర్టు అమీనా వచ్చి సమన్లు ఇస్తే సరోజ “అన్నయ్య నా మీద కేసు పెట్టాడా?” అన్నచోట కాసేపు ఆగిపోయాను. తర్వాతి పేజీలో ఆమెను ముద్దాయి అన్నావు, పక్కన కానిస్టేబుల్‌ని నిలబెట్టావు. ఒళ్లు మండింది.

అది ఆస్తి పంపకాల దావా బాబూ! వేసినవాడు వాది, ఎదుటివాళ్లు ప్రతివాదులు. ముద్దాయి ఉండేది క్రిమినల్ కేసులో. పైగా ప్రతివాది అంటే శత్రువేమీ కాదు. పంపకాల దావాలో వాటాదారులందరూ పార్టీలుగా ఉండాల్సిందే. వాదితో కలిసి దావా వేయనివాళ్ల పేర్లు ప్రతివాదుల వరసలోకి వెళ్తాయి. ఒక్కరిని వదిలేసినా దావా వీగిపోవచ్చు. సరోజ కూడా కోర్టు ఫీజు కట్టి, అదే దావాలో తన వాటా విడదీసి ఇమ్మని అడగొచ్చు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే హక్కు వచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. 2005లో ఆ తేడా కూడా పోయింది. కాగితం మీద అన్నకు ఎదురుపక్షం, అడిగేది మాత్రం అన్న అడిగినదే. కథంతా అక్కడుంటే నువ్వు పోలీసుల వెంట పడ్డావు.

కథలు మొదలుపెట్టిన రోజుల్లో నేను అరండల్‌పేటలో ఒక వకీలుగారి గుమాస్తాని. పగలు ప్లెయింట్లకు, అంటే దావా అర్జీలకు, సాఫు ప్రతులు రాసి, రాత్రి కథలు రాసుకునేవాణ్ణి. ఒక దావాలో వాది కన్నతల్లే రెండో ప్రతివాది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి, ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్లు. పిలుపు రాగానే చెరో వకీలు వెనక నిలబడేవాళ్లు. అది కథగా రాస్తే, ఒక వారపత్రిక ఎడిటరు ‘ప్రతివాది’ అన్నచోటల్లా ‘ముద్దాయి’ అని దిద్ది అచ్చేశాడు. పాఠకులకు అర్థం కాదట! గట్టు తగాదా ఉన్న ఏ రైతునడిగినా వాదెవరో ప్రతివాదెవరో చెబుతాడు. ఆ తల్లిని నేరస్థురాలిని చేసిన కథని నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పటికీ కోర్టు కథంటే బల్ల గుద్దే డైలాగులే కావాలంటారు. వాయిదాల మధ్య మనుషులెలా బతుకుతారో ఎవరికీ పట్టదు.

ఇంకొకటి. నీ కథలో దావా మధ్యలో తండ్రి పోయాడు, కేసు మాత్రం ఏమీ జరగనట్టే నడిచింది. అలా కుదరదు. ఆయన వారసులెవరో రికార్డులోకి ఎక్కాలి, వాటాలు మళ్లీ లెక్కకట్టాలి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. విజయవాడలోనే ఉన్నావు కదా, ఒకరోజు సివిల్ కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చో. వాయిదా పడ్డాక వాదీ ప్రతివాదీ వరండాలో ఏం మాట్లాడుకుంటారో విని, తిరగరాసి ముందు నాకే పంపు.